వాన వెలిశాక: ఒక గోడ, ఒక కొండ, అయిదు నెలల డైరీ

ఆగస్టు 3

మా హాల్లో ఉత్తరపు గోడ మీద ఒక పాత క్యాలెండరు మేకు తప్ప ఏమీ లేదు. ఆ గోడకు అవతల రెండు వీధులు, ఒక కల్యాణ మండపం, వాటి వెనక శేషాచలం కొండలు. మేడ ఎక్కితే కొండ కనిపిస్తుంది, హాల్లో కూర్చుంటే గోడ కనిపిస్తుంది. గోడ లేకపోతే కొండ ఎక్కడ కనిపించేదో సరిగ్గా అక్కడ కొండ ఫోటో పెట్టాలి. ప్రాజెక్టు ఇంతే. 36 అంగుళాల వెడల్పు, ఒకే ఒక్క ప్రింటు, గడువు డిసెంబరు ఆఖరు.

ఒక షరతు మాత్రం పెట్టుకున్నాను. వాన వెలిశాక, గాలిలో మళ్లీ దుమ్ము చేరకముందే తీసిన కొండ అయి ఉండాలి. తిరుపతిలో ఉండేవాళ్లకు దీనికి కారణం చెప్పనక్కర్లేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఈ కొండ కడగని కిటికీ అద్దంలోంచి చూసినట్టు బూడిద రంగులో ఉంటుంది. గట్టి వాన ఒకటి పడి వెలిసిందంటే గాలిలోని దుమ్మంతా కిందికి దిగిపోయి, కొండ రెండు మైళ్లు ముందుకు జరిగినట్టు అనిపిస్తుంది. రాతి పగుళ్లు లెక్కపెట్టవచ్చు. ఆ సమయానికే వాలిన ఎండ మబ్బు అంచు కింద నుంచి దూరివస్తే, పైన కారుమబ్బు, కింద కాలుతున్న ఇటుక రంగు రాయి. ఆ రాయి క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి. దానికీ దాని కింద ఉన్న పాత గ్రానైటుకూ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉంది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఆ రెండూ కలిసే గీతను జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. బస్సులో వెళ్లే వెయ్యిమందిలో ఒక్కరు కూడా తల తిప్పి చూడరు. నేనూ చాలా ఏళ్లు చూడలేదు.

సామగ్రి: సెకండ్‌హ్యాండ్ ఏపీఎస్-సీ (మధ్య సైజు సెన్సరు) కెమెరా, 24 మెగాపిక్సెళ్లు. దానితో వచ్చిన 18-55 లెన్సు, తర్వాత కొన్న 55-250. ఒక ట్రైపాడు, ఒక పోలరైజర్ ఫిల్టరు, స్కూటీ డిక్కీలో ఎప్పుడూ ఉండే రెయిన్‌కోటు. ఉద్యోగం ప్రభుత్వ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పడం. బడి వదిలాక సాయంత్రాలు నావే, ఇంట్లో వంట ఎవరి వంతో తేలిన రోజుల్లో.

ఆగస్టు 19

మొదటి ప్రయత్నం. నాలుగున్నరకు చంద్రగిరి వైపు నుంచి మబ్బు లేచింది. కింద చదును, పైన కాలీఫ్లవర్, ఇంకా పైన కమ్మరి దాగలిలా పరుచుకున్న తల. చూడగానే స్కూటీ తీసి తిరుచానూరు దాటి స్వర్ణముఖి వంతెన దగ్గరికి పరిగెత్తాను. అక్కడి నుంచి కొండల వరుస మొత్తం ఉత్తరాన గోడ కట్టినట్టు కనిపిస్తుంది. వాన అరగంట దంచింది. రెయిన్‌కోటులో ఉన్నా నేను తడవని చోటు లేదు. ఆరుంబావుకు వెలిసింది. పడమట ఒక చీలిక తెరుచుకుంది, బంగారం లాంటి ఎండ వచ్చింది. ఏటి ఇసుక, కరెంటు తీగలు, ఎదురుగా వస్తున్న పాల వ్యాను, అన్నీ మెరిశాయి.

కొండ మాత్రం నల్లగా ఉండిపోయింది.

మొదట మబ్బు నీడ అనుకున్నాను. కాదు. రాత్రి కాగితం, కోణమాని ముందు పెట్టుకుని కూర్చుంటే తప్పు దొరికింది. ఊరికి ఉత్తరాన ఉన్న ఈ కొండ బండలు దక్షిణానికి ముఖం పెట్టి ఉన్నాయి. ఆగస్టు 19న సూర్యుడు ఇక్కడ సరిగ్గా పడమట అస్తమించడు, పడమటికి సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా దిగుతాడు. జూన్ నెలాఖరులో అయితే 24 డిగ్రీలు. అంటే నేను ఎదురుచూసిన వెలుగు కొండ వీపు మీద పడుతోంది, నేను ముఖం ముందు నిలబడి ఉన్నాను. సెప్టెంబరు 23 ప్రాంతంలో సూర్యుడు నిక్కచ్చిగా పడమటికి వస్తాడు. నవంబరు చివరికి 22 డిగ్రీలు దక్షిణానికి జరుగుతాడు. బండల మీద పక్కవాటుగా ఎండ పడేది అప్పుడే.

ఈ పాఠం ఏటా పిల్లలకు నేనే చెబుతాను. గ్లోబు, టార్చిలైటు పెట్టి మరీ చెబుతాను. దసరా దాటేదాకా కొండ జోలికి పోకూడదని నిర్ణయం. ఈలోగా వాన వెనక పరిగెత్తడం నేర్చుకోవాలి.

ఆగస్టు 30

ఈ రోజు ఫోటో ఏమీ లేదు, చీవాట్లు ఉన్నాయి. ఊరి బయట ఒక చెరువు కట్ట మీద ట్రైపాడు పెట్టి, దూరంగా మెరుస్తున్న మబ్బును తీస్తున్నాను. గేదెలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి, "అమ్మా, ఆ ఇనుప కాళ్లు పట్టుకుని కట్ట మీద నిలబడితే పిడుగుకు దారి చూపినట్టే. దిగు" అన్నారు. ట్రైపాడు అల్యూమినియంది అని దిద్దబోయి నోరు మూసుకున్నాను. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తుగా ఉన్నది నేనే. అది ఏ లోహమైతే ఏమిటి?

అప్పటి నుంచి లెక్క ఒకటి పెట్టుకున్నాను. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లంటే కిలోమీటరు. ముప్ఫై సెకన్లలోపు ఉరుము వినబడితే మబ్బు పది కిలోమీటర్లలోనే ఉంది, సర్దుకుని పక్కా కప్పు కిందికో కారులోకో పోవాలి. చెట్టు కిందికి కాదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా బయటికి రాకూడదు. ఈ నియమం వల్ల మంచి వెలుగు సగం చేజారుతుంది. జారనీ.

సెప్టెంబరు 11

రాయలచెరువు. నైరుతి కాలంలో వానను నడిపే గాలులు పడమటి నుంచి వీస్తాయి గనుక సాయంత్రపు ఉరుముల వాన మన మీదుగా తూర్పుకు, చెన్నై వైపుకు నడుస్తుంది. వాన దాటిపోయాక పడమర ముందు తెరుచుకుంటుంది. ఎండ మన వీపు వెనక, వాన మన కళ్ల ముందు. అంటే హరివిల్లుకు సిద్ధం చేసిన వేదిక. నెల రోజులుగా వాన రాగానే వానను చూస్తూ ఉండిపోయేదాన్ని. ఈ రోజు మొదటిసారి వాన తోక ఎక్కడుందో చూస్తూ వెళ్లాను. భారత వాతావరణ శాఖ వెబ్‌సైటులో చెన్నై రాడార్ చిత్రం మన ఊరిని కూడా చూపిస్తుంది. ఎరుపు, పసుపు మచ్చలు వాన. వాటి పడమటి అంచు ఏ వేగంతో కదులుతోందో రెండు మూడు చిత్రాలు పోల్చి చూస్తే, చెరువు దాటేసరికి ఎంత సమయమవుతుందో చెప్పవచ్చు. అయిదున్నర అనుకున్నాను, అయిదూ ముప్ఫై అయిదుకు వచ్చింది.

వచ్చింది గాని పట్టలేదు. హరివిల్లు సూర్యుడికి సరిగ్గా ఎదురు బిందువు చుట్టూ 42 డిగ్రీల వ్యాసార్థంతో గీసిన వలయం. అప్పటికి సూర్యుడు పది డిగ్రీల ఎత్తున ఉన్నాడు. కాబట్టి నేల మీద దాని రెండు కాళ్ల మధ్య ఎడం 82 డిగ్రీలు. నా 18 మిల్లీమీటర్ల లెన్సు అడ్డంగా చూసేది 66 డిగ్రీలే. ఎడమ కాలు పట్టుకుంటే కుడి కాలు పోయింది. చివరికి కెమెరాను నిలువుగా తిప్పి, మూడో వంతు ఒకదాని మీద ఒకటి పడేలా పక్కపక్కన నాలుగు ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో కుట్టాను. కుట్టు బాగానే కుదిరింది, అలల దగ్గర మాత్రం అతుకు తెలుస్తోంది.

అంతకుముందు ఒక పొరపాటు జరిగింది. రంగులు ముదురుతాయని పోలరైజర్ బిగించాను. కళ్ల ముందు ఆకాశంలో విల్లు ఉంది, తెర మీద లేదు! ఫిల్టరును మెల్లగా తిప్పితే కాళ్లు వెలిగి నడిమి వంపు మాయమైంది, ఇంకా తిప్పితే వంపు వచ్చి కాళ్లు పోయాయి. ఆ వెలుగు చినుకు లోపల ఒకసారి పరావర్తనం చెంది వచ్చేసరికి విల్లు వంపు వెంబడి ధ్రువణం చెంది ఉంటుంది, అంటే ఎక్కువగా ఆ ఒక్క దిక్కులోనే కంపిస్తుంది. ఫిల్టరు దానిలో ఒక దిక్కునే రానిస్తుంది. ఇంత మంచి ప్రయోగం బడి ల్యాబులో ఎన్నడూ కుదరలేదు. అక్కడే నిలబడి అయిదు నిమిషాలు తిప్పుతూ ఆడుకున్నాను. ఈలోగా రెండో విల్లు, రంగులు తిరగబడ్డది, వచ్చి పోయిందట. పక్కన ఫోనుతో తీసుకుంటున్న కుర్రాడు చూపించాడు.

చెరువు వెనక కొండ మీద ఎండ, ఎదురుగా వాన. కట్ట మీద పిల్లలు "ఎండా వానా, కుక్కకూ నక్కకూ పెళ్లి" అని అరుస్తున్నారు. 2021 నవంబరులో ఇదే కట్టకు నీరు ఊరి, చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ పిల్లలు అప్పుడు మరీ చిన్నవాళ్లయి ఉంటారు.

అక్టోబరు 14

దసరా సెలవులు అయిపోయాయి. పని జరగలేదు, ఖర్చు జరిగింది. 55-250 లెన్సు లోపల సాలెగూడులా బూజు. వానలో తడిసిన సంచిని అలాగే బీరువాలో పెట్టిన పాపం. శుభ్రం చేయించి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా కొన్నాను. దానిలో సిలికా జెల్ పొట్లాలు, పది రోజులకోసారి ఎండలో పెట్టి మళ్లీ లోపల. ఇంకో పాఠం: ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్సు వాన గాలి తగలగానే చెమర్చింది. తుడిస్తే మళ్లీ చెమర్చింది. పావుగంట దానిదే. ఇకనుంచి కెమెరా పడుకునేది వంటింటి పక్క అరలో, బయటి గాలి వేడికి అలవాటు పడి.

నవంబరు 9

ఈశాన్య రుతుపవనాలు వచ్చి మూడు వారాలు. సూర్యుడు దక్షిణానికి వచ్చాడు. బండల మీద సాయంత్రపు ఎండ పడే కాలం ఇదే. పుస్తకం లెక్క ప్రకారం నా ఫోటో ఈపాటికి గోడ మీద ఉండాలి.

పదకొండు సాయంత్రాలు వంతెన దగ్గర కాపలా కాశాను. పడమర తెరుచుకున్నవి రెండు. ఆ రెండింట్లోనూ కొండ తల మబ్బులో ఉంది. మా అత్తయ్య అయితే, "మొగులు చూసి ముంత ఒలకబోసుకున్నట్టుంది నీ వ్యవహారం" అన్నారు. పక్షానికోసారి ఆమెకు ఒక సామెత గుర్తొస్తుంది, అది ఎప్పుడూ నాకే సరిపోతుంది.

తప్పు ఎక్కడో ఈ రోజు రాడార్ బొమ్మలు వరసగా చూస్తుంటే తట్టింది. ఆగస్టులో మచ్చలు పడమటి నుంచి తూర్పుకు జరిగేవి. ఇప్పుడు తూర్పు నుంచి, సముద్రం మీద నుంచి, నెల్లూరు, సూళ్లూరుపేట మీదుగా మన వైపు వస్తున్నాయి. వాన పట్టీ మన మీదుగా దాటాక ముందు తెరుచుకునేది తూర్పు. పడమర చివరిదాకా మూసే ఉంటుంది. సాయంత్రం సూర్యుడు ఉండేది ఆ మూసిన వైపే. ఆగస్టు అలవాటు నవంబరుకు మోసుకొచ్చి, మూసిన తలుపు ముందు పదకొండు రోజులు నిలబడ్డాను.

కావలసింది తెల్లవారుజాము. రాత్రి వాన దాటి పడమటికి పోవాలి, తూర్పు తెరుచుకోవాలి, లేచే సూర్యుడు తూర్పుకు సుమారు 20 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు గనుక ఎండ బండల మీద ఏటవాలుగా రాసుకుంటూ పోవాలి. వెనక దాటిపోయిన కారుమబ్బు. నైరుతిలో సాయంత్రం, ఈశాన్యంలో ఉదయం. ఇంత చిన్న మాట తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. మేడ మీద వడియాలు ఎత్తి లోపల పెట్టే అత్తయ్యకు ఇది ముందే తెలుసు. "కార్తీకంలో వాన తూర్పు నుంచే కదా వస్తుంది, అడిగితే చెప్పేదాన్ని" అన్నారు.

నవంబరు 16

ఉదయాలు మూడు, మూడూ వృథా. సూర్యోదయం 6:13కు. కొండ దగ్గర ట్రైపాడు నిలబెట్టాలంటే 5:30కు అక్కడ ఉండాలి, 4:45కు లేవాలి. లేవాలో వద్దో చీకట్లో తేల్చుకోవడమే అసలు చిక్కు. రాడార్ వానను చూపిస్తుంది, మబ్బును చూపించదు. రాడార్ ఖాళీగా ఉందని మొదటి రోజు పరిగెత్తాను, ఆకాశం సిమెంటు స్లాబులా ఉంది. రెండో రోజు ఇన్సాట్ ఉపగ్రహ చిత్రం చూశాను. తెల్లవారకముందు దొరికేది పరారుణ చిత్రం. అది వేడిని చూస్తుంది. ఎత్తున ఉన్న చల్లని మబ్బు తెల్లగా పడుతుంది గాని, తక్కువ ఎత్తున పరుచుకున్న మబ్బు వేడి దాదాపు నేల వేడికి దగ్గరగానే ఉంటుంది గనుక, నేలలో కలిసిపోతుంది. మనకు అడ్డం వచ్చేది ఆ తక్కువ మబ్బే.

మూడో రోజు పద్ధతి మార్చాను. మేడ ఎక్కి తూర్పున చుక్కలు చూశాను. కింది వరకూ చుక్కలు కనిపిస్తే వెళ్లాలి, లేకపోతే పడుకోవాలి. ఆ రోజు కనిపించాయి, వెళ్లాను. చుక్కలు కనిపించాయంటే ఆకాశం మొత్తం శుభ్రంగా ఉందన్న సంగతి వెళ్లాక తెలిసింది. కొండ వెనక మబ్బే లేదు. పోస్టుకార్డులా ఉంది. తూర్పున చుక్కలు, ఉత్తరాన, పడమట ఏమీ లేని చీకటి: ఇప్పటికి ఇదే నా సూత్రం.

నవంబరు 27

వాయుగుండం. మూడు రోజులుగా ముసురు. బడికి సెలవు. కపిలతీర్థంలో జలపాతం విరుచుకుపడుతోందని ఊరంతా అటే పోతోంది. కొండ మీద ఎక్కడపడితే అక్కడ తెల్లని దారాల్లా ధారలు వేలాడుతున్నాయని పక్కింటివాళ్లు చెబుతున్నారు. ఇంత మంచి సరుకు ఈ ఏడాది మళ్లీ దొరకదు.

అయినా కెమెరా డబ్బాలోనే ఉంది. 2021 నవంబరులో ఈ ఊరు నీట మునిగిన రోజుల్లో మా వీధిలో మంచాల మీద మంచాలు వేసి దాని మీద కుక్కర్లు, పుస్తకాల సంచులు పెట్టుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం వాన తెరపిచ్చి ఎండ వచ్చింది. నీళ్లలో ఇళ్ల నీడలు బంగారు రంగులో పడ్డాయి. ఎవరో మేడ మీద నుంచి "ఎంత బాగుందో చూడండి" అన్నారు. వాళ్ల మీద నాకు అప్పుడు వచ్చిన కోపం ఇంకా ఉంది. బాగుండటం నిజమే, నేనూ చూశాను, అందుకే ఆ కోపం. నీళ్లు దిగని వీధికి ట్రైపాడు తీసుకెళ్లను. ఈ ప్రాజెక్టులో నేను రాసుకున్న నియమాల్లో సాంకేతికం కానిది ఇదొక్కటే.

మధ్యాహ్నం దిగువ కాలనీలో ఉన్న మా పదో తరగతి పిల్లల ఇళ్లకు ఫోన్లు చేస్తూ కూర్చున్నాను. అందరి ఇళ్లూ పొడిగానే ఉన్నాయి. ఒకడు మాత్రం "టీచర్, పుస్తకాలు తడిసిపోయాయి, హోంవర్కు చేయలేను" అన్నాడు. వెనక నుంచి వాళ్లమ్మ "ఏమీ తడవలేదు టీచరమ్మా, అబద్ధం" అంది.

డిసెంబరు 2

వాయుగుండం బలహీనపడి రెండు రోజులయింది. నీళ్లు దిగిపోయాయి, విడి విడి వాన పట్టీలు మిగిలాయి. రాత్రి రెండింటికి ఒకటి దాటింది. నాలుగూ నలభైకి మేడ ఎక్కాను. తూర్పున కింది వైపు మూడు చుక్కలు. ఉత్తరాన కొండ మెట్లదారిలోని గాలిగోపురం దీపాలు కూడా కనిపించడం లేదు, అంతా నలుపు. మా ఆయనను లేపాను. చీకట్లో నేనొక్కదాన్నీ ఏటి ఒడ్డున నిలబడటం ఆయనకు ఇష్టం లేదు, ఉదయం అయిదుకు లేవడం అంతకంటే ఇష్టం లేదు. మొదటిదే నెగ్గింది.

5:25. వంతెన దగ్గర. స్వర్ణముఖిలో నీళ్లు మట్టి రంగులో, చప్పుడు చేస్తూ. నిండుగా పారే ఏరును ఇక్కడ చూడటమే ఒక వింత. ట్రైపాడు కాళ్లు పొడవు తగ్గించి, సంచి దానికే వేలాడదీశాను, గాలికి కదలకుండా.

6:00. మబ్బుల పై పొర గులాబీ రంగుకు తిరిగింది. ఎత్తున ఉన్న మబ్బుకు సూర్యుడు మనకంటే ముందే ఉదయిస్తాడు. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు అయితే సుమారు పావుగంట ముందు. రంగు ఆరు నిమిషాలు ఉండి పోయింది. మా ఆయన "అయిపోయింది కదా, వెళదాం" అన్నారు. ఇంతకుముందు నేనూ ఇక్కడే సర్దుకుని వెళ్లిపోయేదాన్ని.

6:20. సూర్యోదయం, క్యాలెండరు ప్రకారం. ఆకాశం ప్రకారం ఏమీ లేదు. సముద్రం వైపు అంచున మబ్బు దిమ్మ. దాని పైన సన్నని ఖాళీ. సూర్యుడు ఆ ఖాళీలోకి ఎక్కాలంటే పది నిమిషాలు పడుతుందని లెక్క వేశాను.

6:31. ముందు పడమటి కొసన, శ్రీవారి మెట్టు వైపు, ఒక చిన్న మచ్చ వెలిగింది. అక్కడి నుంచి ఎండ కొండ మీదుగా తూర్పుకు జరుగుతూ వచ్చింది, పొడవాటి గదిలో లైట్లు ఒక్కొక్కటే వేస్తున్నట్టు. పక్కవాటు ఎండ గనుక బండలోని ప్రతి మడతకూ ఒక నీడ. ఎర్ర రాయి మీద ధారలు తెల్లగా, నేను ఏడు లెక్కపెట్టాను, మా ఆయన తొమ్మిది అన్నారు. కొండ వెనక దాటిపోయిన మబ్బు నల్ల పలకలా ఉంది.

లెన్సు 110 మిల్లీమీటర్ల దగ్గర, ఎఫ్/8, సెకనులో 60వ వంతు, ఐఎస్ఓ 100. రంగులను దిద్దే వైట్ బ్యాలెన్స్‌ను డేలైట్ మీద కట్టేశాను. ఆటోలో వదిలితే కెమెరా ఆ ఎరుపును తప్పు అనుకుని తెలుపుకు దిద్దుతుంది. మొదటి నాలుగు ఫోటోలు తీశాక హిస్టోగ్రామ్, అంటే ఫోటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫు, చూశాను. మొత్తం గ్రాఫు బాగానే ఉంది, ఎరుపు గీత ఒక్కటే కుడి గోడకు కొట్టుకుని ఉంది. అంటే బండ మీద వెలుగు పడిన చోట ఎరుపు పొంగి, రాతి గరుకు పోయి, రంగు పూసినట్టు అయింది. ఎక్స్‌పోజరు స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించాను (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది). ఆ తర్వాత తీసినవే పనికొచ్చాయి.

6:38. ఆరిపోయింది. మొత్తం ఏడు నిమిషాలు, 31 ఫోటోలు.

ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూస్తే, వెలుగు అన్నిటికంటే బాగా ఉన్న రెండు ఫోటోల్లో, సరిగ్గా ధారల మీద, లెన్సుకు అంటిన చినుకు తాలూకు మసక గుండ్రం. గాలికి ఏటి తుంపర కొట్టి ఉంటుంది. జేబులో గుడ్డ ఉంది, తుడవడం గుర్తు లేదు. మిగిలిన వాటిలో 23వది ఎంచుకున్నాను. దానిలో కుడి వైపు మూడో వంతు నుంచి ఎండ అప్పటికే తప్పుకుంటోంది. రెండు రోజులు అదొక లోపం అనుకున్నాను. మూడో రోజు దాన్ని కోసేసి చూశాను, ఫోటో చచ్చిపోయింది. మళ్లీ అతికించాను.

డిసెంబరు 14

ప్రింటు. 6,000 పిక్సెళ్ల వెడల్పును 36 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి దాదాపు 167. ముక్కు ఆనించి చూసేవాళ్లకు చాలదు, సోఫాలో కూర్చునేవాళ్లకు చాలు. ముందు చిన్న సైజులో నమూనా వేయించాను. రాత్రి పూట తీసిన కొండలా వచ్చింది. ల్యాబు నడిపే అన్న దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, "తెరకు వెనక దీపం ఉంటుంది టీచరమ్మా, కాగితానికి ఉండదు కదా. నీడలు కొంచెం లేపండి" అన్నారు. నీడలు లేపాను, మబ్బును అలాగే ఉంచాను. రెండో నమూనా సరిపోయింది. మా హాల్లో ట్యూబులైటు సరిగ్గా ఎదురుగోడ మీద ఉంది గనుక మెరిసే కాగితం వద్దని మ్యాట్ ఎంచుకున్నాను. ఎరుపు కాస్త తగ్గింది. పొంగిన ఎరుపు కంటే తగ్గిన ఎరుపు నయం.

డిసెంబరు 21

ఫ్రేము వచ్చింది, పాత మేకు దాని బరువు మోయదు. ఎదురింటివాళ్ల డ్రిల్లు తెచ్చి రెండు రంధ్రాలు వేశాం. దిక్సూచి పెట్టి చూస్తే ఉత్తరపు గోడ అనుకున్నది నిక్కచ్చిగా ఉత్తరం కాదు, కొండ అసలు ఉండవలసిన చోటు స్విచ్‌బోర్డు మీదికి వస్తుంది. రెండు జానలు ఎడమకు జరిపాం.

అత్తయ్య కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని చాలాసేపు చూశారు. ధారలు లెక్కపెట్టారు. ఆమెకు ఎనిమిది వచ్చాయి. తర్వాత, "గాలిగోపురం ఏదీ?" అన్నారు.

"మబ్బులో ఉంది అత్తయ్యా."

"గోపురం లేకుండా మన కొండ అని వచ్చినవాళ్లకు ఎలా తెలుస్తుంది?" అని, డ్రిల్లు చేసిన దుమ్ము ఊడ్చడానికి చీపురు తెచ్చుకోవడానికి లేచారు.